ఆరు నెలలకని ఇచ్చిన తాళం చెవి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం, కోనసీమలోని ఓ శాఖా గ్రంథాలయం ఆవరణలో ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? అడగను లెండి. రిటైరయ్యి చాలా కాలమైంది. మైకు వినబడుతోందా వెనక్కి? ఆయ్, సరే.

మొదట మీకొకటి చూపించాలి. ఇదిగో, ఈ ప్లాస్టిక్ కవర్లో ఉన్నది ఒక నోటు. బర్మా నోటు, వంద క్యాట్లది. ఇటు చివర నుంచి పంపిస్తున్నాను. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. చూడ్డానికే సుమా. మళ్ళీ నా చేతికి రావాలి.

ఈ నోటు మా వీధిలో ఉండే రంగం మామ్మది. రంగం అంటే తెలుసు కదా, రంగూన్. పెద్దవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు మన జిల్లాలో "వాడు రంగం పోయాడు" అంటే బతుకుతెరువు వెతుక్కుంటూ పడవెక్కాడని అర్థం. యానాం పక్కన కోరంగి రేవు ఉండేది. 1839 తుపానుకి రేవు పోయింది గానీ పేరు పోలేదు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందర్నీ కలిపి కోరంగీలు అనేవారు. గౌరవంగా అన్న మాటేం కాదు, మనవాళ్ళు చేసిన పనులు అలాంటివి. మూటలు మొయ్యడం, రిక్షా లాగడం, వీధులు ఊడవడం. మామ్మవాళ్ళు కాస్త నిలదొక్కుకుని చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు.

1962 మార్చి 2న తెల్లవారుజామున జనరల్ నే విన్ అనే ఆయన ప్రధాని ఊ నూని అరెస్టు చేయించి, పదిహేడు మంది ఆఫీసర్లతో ఒక కౌన్సిల్ వేసుకున్నాడు. దాని పేరేంటో తెలుసా? విప్లవ మండలి. విప్లవం ఎవరు చేశారండీ? ఎవరూ చెయ్యలేదు. ఊరంతా నిద్రపోతోంది. అయినా పేరు మాత్రం విప్లవ మండలి! ఆ మండలి కొట్లన్నీ ప్రభుత్వపరం చేసింది. 1964 మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవంది. మామ్మ ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ అవే. చెవుల దుద్దులు రేవులో తీయించేశారట. నోట్లు మాత్రం తెచ్చుకోనిచ్చారు. "చెల్లేవన్నీ అక్కడుండిపోయాయి బాబూ, చెల్లనివి నాతో వచ్చాయి" అనేది. నవ్వుతూ అనేది. నవ్వుతూ ఎలా అనగలిగేదో నాకిప్పటికీ అర్థం కాదు.

కానీ మామ్మ చెప్పిన దాంట్లో నన్ను ఎక్కువగా పట్టుకున్న మాట ఇంకోటి ఉంది. "మొదటిసారి మంచోడే బాబూ" అనేది. ఎవరు? నే విన్. నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత చదువుకుంటే తెలిసింది. 1958లో పార్టీలు కొట్టుకుంటుంటే ఊ నూయే స్వయంగా ఈయన్ని పిలిచి, ఒక ఆరు నెలలు చూసుకో, ఎన్నికలు పెట్టు అని అప్పగించాడు. ఆరు నెలలన్నది ఏడాదిన్నర అయింది. రంగూన్ వీధులు శుభ్రం చేయించాడు. 1960లో ఎన్నికలు పెట్టాడు, గెలిచినవాడికి ఇచ్చేశాడు కూడా. నిజంగా ఇచ్చేశాడండి. అందుకే రెండోసారి తీసుకుంటున్నప్పుడు, పోనీలే, మళ్ళీ ఇచ్చేస్తాడులే అని చాలామంది ఊరుకున్నారు. ఆ రెండోసారి మండలి 1974 దాకా కదల్లేదు. పన్నెండేళ్ళు.

ఆరు నెలలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే, మొన్న లాకుల దగ్గర టీ తాగుతుంటే ఒకాయన, మంచాయనే, నాకు తెలిసినాయనే, రోడ్డు గుంట గురించి మొదలుపెట్టి, ఎమ్మెల్యేల దాకా వెళ్ళి, చివరికి "ఈ దేశానికి ఒక అయిదేళ్ళు మిలిటరీ పాలన పెడితే గానీ సెట్టవ్వదండి" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. మీలో ఎంతమంది ఈ మాట అన్నారు? చెయ్యెత్తక్కర్లేదు. నేనూ అన్నాను, కాలేజీ రోజుల్లో, బస్సు రాకపోతే.

సైనికులంటే మనకి గౌరవం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటాం. ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళిన ఊరు. అలాంటి ఊరు మన పక్కన ఉండగా నేను సైన్యాన్ని చులకన చేసి మాట్లాడతానా? సరిహద్దులో నిలబడ్డ జవాను వేరు, టేబులు చుట్టూ కూర్చుని దేశాన్ని నడిపే జనరళ్ళు వేరు. ఈ సాయంత్రం నేను రెండోవాళ్ళ గురించే మాట్లాడతాను. విప్లవం వచ్చాక వాళ్ళ చేతికి దేశం వెళ్తే ఏమవుతుందో, ముఖ్యంగా ఈజిప్టులో ఏమైందో చెబుతాను.

అక్కడా ఒక డెల్టా ఉంది

ఈజిప్టు మ్యాపు చూస్తే నాకు మన మ్యాపే కనిపిస్తుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలినట్టు, కైరో దాటాక నైలు రెండుగా చీలుతుంది. ఒకటి రోసెట్టా పాయ, ఒకటి డామియెట్టా పాయ. మధ్యలో పచ్చటి త్రికోణం. వరి, పత్తి, చేపల చెరువులు. మనకి కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. వాళ్ళకీ ఆ చీలిక దగ్గర ఆనకట్ట ఉంది గానీ బలహీనంగా ఉండేది. 1880ల్లో దాన్ని బాగుచెయ్యడానికి ఎవర్ని తీసుకెళ్ళారు? ఇండియాలో కాలవల మీద పనిచేసిన స్కాట్ మాంక్రీఫ్ అనే ఇంజనీర్ని. కాబట్టి మరీ పరాయి కథేం కాదు.

ఆ డెల్టాలో మహల్లా అని ఊరుంది. బట్టల మిల్లుల ఊరు. 2006 డిసెంబర్లో అక్కడి పెద్ద మిల్లులో బోనసు ఇవ్వలేదని ముందు ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి బయటికొచ్చారు. వచ్చి మగవాళ్ళు పనిచేసే షెడ్లవైపు తిరిగి ఏమని అరిచారో తెలుసా? "ఆడవాళ్ళం ఇక్కడున్నాం, మగాళ్ళెక్కడ?" అని. అంతే, మగవాళ్ళూ దిగారు. ఆ తర్వాత వరసగా సమ్మెలు. టీవీవాళ్ళకి 2011లో ఫేస్‌బుక్కే కనిపించింది. నన్నడిగితే ఆ కథ అయిదేళ్ళ ముందు ఈ మిల్లు గేటు దగ్గర మొదలైంది.

2011 అంటే మీకు ఏం గుర్తొస్తుంది? మనవాళ్ళు క్రాప్ హాలిడే ప్రకటించిన ఏడు. ధాన్యం ధర గిట్టక, ఈ సార్వాకి నాట్లు వెయ్యం పొండి అని కోనసీమ రైతు కాడి పక్కన పెట్టిన ఏడు. అదే ఏడు జనవరి 25న ఈజిప్టులో జనం రోడ్డెక్కారు. ఆ రోజే ఎందుకంటే, అది అక్కడ పోలీసుల దినోత్సవం. పోలీసుల దెబ్బలు తిన్నవాళ్ళు పోలీసుల పండగ రోజునే వచ్చారన్నమాట. హోస్నీ ముబారక్ 1981 నుంచి కుర్చీలో ఉన్నాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళు. పద్దెనిమిది రోజులు కైరోలో తహ్రీర్ చౌక్‌లో జనం కదల్లేదు. ఫిబ్రవరి 11 సాయంత్రం ఆయన దిగిపోయాడు.

ఎలా దిగిపోయాడు? ఇక్కడ కాస్త ఆగాలి. ఆయన కనబడలేదు. ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ టీవీలోకొచ్చి అర నిమిషం మాట్లాడాడు. అర నిమిషమే. ముబారక్ పదవి వదిలేశారు, దేశ వ్యవహారాలు నడిపే బాధ్యత సాయుధ దళాల సుప్రీం కౌన్సిల్‌కి అప్పగించారు అన్నాడు. అయిపోయింది. ఆయన వెనకాల ఒకాయన మొహం ముడుచుకుని, కెమెరా వైపు గుచ్చి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఈజిప్టువాళ్ళు మనలాగే ఎకసెక్కాల మనుషులు. ఆ రాత్రి నుంచే "ఒమర్ సులేమాన్ వెనకాల మనిషి" అని ఒకటే జోకులు. పెళ్ళి ఫోటోల్లో, క్రికెట్... కాదులెండి, ఫుట్‌బాల్ టీముల ఫోటోల్లో, అన్నిట్లో ఆయన మొహం అతికించారు.

జనం సంబరాల్లో ఉన్నారు కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరూ సరిగ్గా వినలేదు. మీరు వినండి. అప్పగించింది ఎవరు? ముబారక్. ఎవరికి? తను నియమించిన జనరళ్ళకి. జనం ఎక్కడున్నారు ఆ వాక్యంలో? చౌక్‌లో ఉన్నారు, వాక్యంలో లేరు.

ఆ కౌన్సిల్లో ఇరవై మంది చిల్లర. దానికి పెద్ద, ఫీల్డ్ మార్షల్ తంతావీ. 1991 నుంచి రక్షణ మంత్రి, అంటే ముబారక్ పక్కనే ఇరవై ఏళ్ళు. ఇక్కడో తమాషా ఉంది. ముబారక్ ఉన్నప్పుడు గోడ మీద బొమ్మ ఉండేది. జనం తిట్టాలంటే బొమ్మ వైపు చూసి తిట్టేవారు, చెప్పు విసిరేవారు. మరి కౌన్సిల్‌ని ఏం చూసి తిడతారు? ప్రకటన నెంబర్ ఒకటి, నెంబర్ రెండు, నెంబర్ మూడు అని నెంబర్లొస్తాయి. ఫేస్‌బుక్కులో పేజీ పెట్టి అందులోనూ నెంబర్లు వేసేవారు. మన దగ్గర గుడి కమిటీ ప్రెసిడెంటు గార్ని "ఇదేంటండీ ఇలా చేశారు" అని అడిగితే ఏమంటారు? "నాదేముందండి, కమిటీ అనుకుంది" అంటారు. కమిటీలో ఇంకొకర్ని అడగండి, ఆయనా అదే అంటాడు. ఇరవై మందీ అదే అంటారు.

హ్యాండిలు ఎవరి ఇంట్లో ఉంది?

లస్కరు తెలియనివాళ్ళు ఇక్కడ ఉండరనుకుంటాను. పిల్లలకి చెబుతాను. కాలవ మీద షట్టర్లు ఎత్తడం దింపడం లస్కరు పని. దాళ్వాలో నీళ్ళు తక్కువైతే వంతులు పెడతారు. ఈ మూడు రోజులు ఈ కాలవకి, తర్వాత ఆ కాలవకి. నీళ్ళు గోదావరివి. కాలవ గవర్నమెంటుది. లస్కరుది ఏదీ కాదు. కానీ షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు ఉంది చూశారూ, అది ఆయన ఇంట్లో చూరు కింద ఉంటుంది. అర్ధరాత్రి మీ చేను బీటలు తీస్తుంటే మీరు మంత్రి గారి దగ్గరికి వెళ్తారా, లస్కరు దగ్గరికి వెళ్తారా? మా నాన్న ప్రతి దాళ్వాకీ ఒక అరటి గెల తీసుకెళ్ళి ఆ అరుగు మీద పెట్టొచ్చేవాడు. అది మర్యాదో లంచమో నాకిప్పటికీ తెలీదు.

ఈజిప్టులో జనం చౌక్ గెలుచుకున్నారు. హ్యాండిలు మాత్రం కౌన్సిల్ ఇంట్లో చూరు కింద ఉంది. దాంతో పాటు ఇంకో తేడా కూడా చూడండి. లస్కరు మీద వర్క్ ఇన్‌స్పెక్టరు ఉంటాడు, ఆయన మీద ఏఈ, ఆ పైన డీఈ. రైతులు రోడ్డు మీద కూర్చుంటే కలెక్టరు ఫోన్ చేస్తాడు. పేపర్లో వస్తుందని భయం ఉంటుంది. కౌన్సిల్ మీద ఎవరున్నారు? ఎవరు ఫోన్ చెయ్యాలి?

ఫిబ్రవరి 13న కౌన్సిల్ రాజ్యాంగాన్ని పక్కన పెట్టింది, పార్లమెంటుని రద్దు చేసింది. మేం ఆరు నెలలుంటాం, లేదా ఎన్నికలయ్యేదాకా ఉంటాం అంది. ఆరు నెలలు! వచ్చిందా మళ్ళీ? ఆ "లేదా" అన్న మాట దగ్గర మన ఊళ్ళో కౌలు కాగితం రాసే కరణం గారైతే కళ్ళజోడు సర్దుకుని "ఇదేంటయ్యా, రెండిట్లో ఏది?" అని అడిగేవాడు. అక్కడ అడిగినవాళ్ళు లేకపోలేదు. కానీ అడిగినవాళ్ళని విప్లవ ద్రోహులన్నట్టు చూశారు.

ఎందుకు నమ్మారు అంటే, నమ్మడానికి కారణాలున్నాయండి. ఊరికే వెర్రివాళ్ళు కాదు. ఆ పద్దెనిమిది రోజుల్లో కొట్టింది పోలీసులు, ట్యాంకులేసుకొచ్చిన సైన్యం జనం మీద కాల్చలేదు. పిల్లలు ట్యాంకులెక్కి ఫోటోలు దిగారు. "సైన్యం, జనం ఒకే చెయ్యి" అని నినాదం. ప్రతి ఇంట్లో ఒక కుర్రాడు సైన్యంలో చేసి వచ్చినవాడే, అక్కడ అది తప్పనిసరి కాబట్టి. ముబారక్ దిగిన రోజున ఫంగారీ అనే మేజర్ జనరల్ టీవీలో ప్రకటన చదువుతూ, చనిపోయినవాళ్ళ ప్రస్తావన రాగానే ఆగి, చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. ఆ ఒక్క సెల్యూట్‌కి దేశం కరిగిపోయింది. నేనూ ఆ క్లిప్పు చూశాను. నాకూ ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సెల్యూట్ ఫిబ్రవరిలో. మార్చిలో ఏమైంది? మార్చి 9న చౌక్‌లో మిగిలినవాళ్ళని సైన్యం లాగేసింది. పట్టుకుపోయిన ఆడపిల్లల్లో కొందరికి కన్యాత్వ పరీక్షలు చేశారు. ఆ మాట అనడానికే నాకు సిగ్గుగా ఉంది, ఆడపిల్లలున్నారు సభలో, కానీ చెప్పకుండా దాటెయ్యడం ఇంకా తప్పు. సమీరా ఇబ్రహీం అనే అమ్మాయి, పాతికేళ్ళది, కోర్టుకెళ్ళింది. ఆ పరీక్షలు ఆపాలని డిసెంబర్లో ఒక కోర్టు తీర్పిచ్చింది. చేసిన డాక్టర్ని మాత్రం తర్వాత సైనిక కోర్టు వదిలేసింది. తమ డాక్టర్ని తమ కోర్టు.

అదే మార్చిలో పనికి అడ్డొచ్చే సమ్మెలు నేరం అని చట్టం తెచ్చారు. మహల్లా ఆడవాళ్ళు గుర్తున్నారా? ఎవరి సమ్మెలతో ఇదంతా మొదలైందో వాళ్ళ నోరే ముందు నొక్కారు. ఇది కొత్తేం కాదు. ఈజిప్టులో 1952 జులైలో ఆఫీసర్లు రాజుని దింపి విప్లవ మండలి వేసుకున్నారు. వాళ్ళు నిజంగానే రాజుని దింపినవాళ్ళు, పేరు పెట్టుకోడానికి కాస్త అర్హత ఉంది. నెల తిరక్కుండా అదే డెల్టాలో కఫ్ర్ అల్ దవ్వార్ అనే మిల్లుల ఊళ్ళో కార్మికులు సమ్మె చేశారు. కొత్త ప్రభుత్వం మనదే కదా అని జయజయధ్వానాలు చేస్తూ సమ్మె చేశారు. ముస్తఫా ఖమీస్, మహమ్మద్ అల్ బక్రీ అని ఇద్దరు కార్మికుల్ని సైనిక కోర్టు విచారించి సెప్టెంబర్ 7న ఉరి తీసింది. రెండ్రోజుల తర్వాత, సెప్టెంబర్ 9న, అదే మండలి భూసంస్కరణల చట్టం తెచ్చింది. ఒక మనిషికి రెండు వందల ఫద్దాన్లకి మించి భూమి ఉండకూడదని. ఫద్దాన్ అంటే ఎకరం కంటే కాస్త ఎక్కువ.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. ఆ భూమి నిజంగానే కొందరు రైతులకి అందింది. అందుకున్న రైతు ఇంట్లో ఆ ఆఫీసర్ల నాయకుడు నాసర్ బొమ్మ పెట్టుకున్నాడంటే నేను తప్పు పట్టను. మీరు పడతారా? ఒక చేత్తో ఉరి, ఒక చేత్తో పట్టా, మధ్యలో రెండే రోజులు. కౌన్సిళ్ళు ఊరికే నిలబడవు. ఎవరికో ఏదో ఇస్తాయి.

సరే, 2011కి వద్దాం. నోటు ఎక్కడి దాకా వచ్చిందండీ? మూడో వరసా? కానివ్వండి, నిదానంగా చూడండి.

సైనిక కోర్టులు. జనవరి చివర నుంచి ఆగస్టు చివరికి, అంటే ఏడు నెలల్లో, ఎంతమంది మామూలు పౌరుల్ని సైనిక కోర్టుల్లో నిలబెట్టారో తెలుసా? 11,879 మందిని. హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క చూపించింది, ఆ అంకె సైన్యం వాళ్ళే చెప్పింది. 8,071 మందికి శిక్షలు. ముబారక్ ముప్ఫై ఏళ్ళలో సైనిక కోర్టుకి పంపిన పౌరులందరూ కలిపినా అంతమంది లేరు. నియంతని దింపాక, నియంత కంటే ఎక్కువ! మైకెల్ నబీల్ అనే కుర్రాడు "సైన్యం, జనం ఎప్పుడూ ఒకే చెయ్యి కాలేదు" అని రాసినందుకు మూడేళ్ళు వేశారు.

అక్టోబర్ 9న టీవీ భవనం దగ్గర, మస్పెరో అంటారు, క్రైస్తవుల ఊరేగింపు మీదికి సైనిక వాహనాలు తోలారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. నవంబర్లో మహమ్మద్ మహమూద్ వీధిలో రోజుల తరబడి కాల్పులు. అహ్మద్ హరారా అని ఒక పళ్ళ డాక్టరు. జనవరి 28న ముబారక్ మీద పోరాటంలో ఒక కన్ను పోయింది. నవంబర్ 19న కౌన్సిల్ మీద పోరాటంలో రెండో కన్ను పోయింది. ఏడాది కూడా తిరగలేదు.

ఇదంతా దేనికోసం చేశారు అని అడగండి. అడుగుతారని నాకు తెలుసు, ఆ కుర్రాడు మొహం చూస్తేనే తెలుస్తోంది. అధికారం అంటే మోజా? అదొక్కటే అని నేననుకోను. ఈజిప్టు సైన్యానికి మాకరోనీ ఫ్యాక్టరీ ఉంది. మంచినీళ్ళ సీసాల కంపెనీ ఉంది. పెట్రోలు బంకులున్నాయి. 1979లోనే దీనికోసం ఒక సంస్థ పెట్టుకున్నారు. నవ్వుతున్నారా? మన దగ్గర రెజిమెంటు వాళ్ళు రొయ్యల చెరువులు తవ్వి, ఐస్ ఫ్యాక్టరీ పెట్టి, దాణా కూడా వాళ్ళే అమ్ముతుంటే ఊహించుకోండి. కూలీలు ఎవరు? నిర్బంధంగా సైన్యంలో చేరిన కుర్రాళ్ళూ ఉంటారు. లెక్కలెవరికి చూపించాలి? ఎవరికీ అక్కర్లేదు. అమెరికా నుంచి ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం. ఇప్పుడు మీరొక పార్లమెంటు పెట్టి, అందులో మన సర్పంచి లాంటి ఒక మొండిఘటం లేచి "ఆ మాకరోనీ లెక్క ఏంటండీ" అంటే ఎంత టెన్షన్!

అందుకే 2011 నవంబర్లో ఒక కాగితం బయటికొచ్చింది. రాబోయే రాజ్యాంగంలో ఏముండాలో ముందే రాసిన కాగితం. సైన్యం బడ్జెట్ ఒకే ఒక్క అంకెగా కనిపిస్తుంది, వివరాలు కౌన్సిలే చూసుకుంటుంది అని అందులో ఉంది. మహమూద్ వీధి గొడవకి ముందు వారాల్లో జనాన్ని రెచ్చగొట్టింది ఆ కాగితమే. మొత్తం పదహారు నెలల కథని ఒక్క కాగితంలో చూడాలంటే నేను దాన్నే చూపిస్తాను. ఎన్నికలు పెట్టుకోండి, జెండాలు ఊపుకోండి, ఆ ఒక్క అంకె జోలికి రాకండి.

మరి ఎన్నికలు పెట్టారా? పెట్టారు. పార్లమెంటు వచ్చింది, 2012 జనవరిలో కూర్చుంది. జూన్‌లో అధ్యక్ష ఎన్నిక చివరి పోరు, 16న, 17న. ఈ వారం చూడండి. జూన్ 14న రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికల చట్టం చెల్లదంది, కౌన్సిల్ పార్లమెంటుకి తాళం వేసింది. జూన్ 17 రాత్రి, పోలింగ్ ముగిసిందో లేదో, బ్యాలెట్ పెట్టెలు ఇంకా లెక్కల బల్ల మీదికి ఎక్కుతున్నాయో లేదో, కౌన్సిల్ ఇంకో ప్రకటన ఇచ్చింది. చట్టాలు చేసే అధికారం మాది. సైన్యం వ్యవహారాలు మావి. యుద్ధానికి మా ఒప్పుదల కావాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు చివరి రాత్రి కిటికీ రెక్కలు ఊడదీసుకుపోయినట్టు. గెలిచిన ముస్లిం బ్రదర్‌హుడ్ అభ్యర్థి మోర్సీకి జూన్ 30న తాళం చెవి ఇచ్చారు. ఆరు నెలలన్నది పదహారు నెలల పైచిలుకు, ఆ చెవితో ఏ తలుపులు తెరుచుకుంటాయో తెలీదు.

ఆగస్టు 12న మోర్సీ ఒక్క దెబ్బకి తంతావీని ఇంటికి పంపాడు. ఆ ప్రకటన రద్దు చేశాడు. ప్రపంచమంతా ఔరా అంది. తంతావీ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాడు? కౌన్సిల్లో అందరికంటే చిన్నవాడు, సైనిక నిఘా విభాగం పెద్ద, అబ్దుల్ ఫత్తా అల్ సీసీ. నమాజు తప్పనివాడు, మెత్తనివాడు అని మోర్సీ వాళ్ళు సంబరపడ్డారు. మోర్సీ తప్పులు మోర్సీ చేశాడు. నవంబర్లో తన ఉత్తర్వుల్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని రాసుకున్నాడు. జనం మళ్ళీ రోడ్డెక్కారు, లక్షల్లో. సైన్యమా రా అని పిలిచినవాళ్ళలో 2011లో దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ఉన్నారు. 2013 జులై 3న సీసీ వచ్చాడు, మోర్సీని దింపేశాడు. ఆగస్టు 14న రబా చౌక్‌లో మోర్సీ మద్దతుదార్లు కనీసం 817 మంది ఒక్క రోజులో చనిపోయారు. 2014 నుంచి సీసీయే అధ్యక్షుడు. మామ్మ మాట గుర్తొచ్చిందా? మొదటిసారి ఇచ్చేస్తారు.

కరెంటు పోయింది. కంగారు పడకండి, నా గొంతుకి మైకక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళు అరిచినవాణ్ణి. ఆ, వచ్చింది.

పోర్చుగల్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నన్ను ఏకపక్షం అంటారు. 1974 ఏప్రిల్ 25న అక్కడ కుర్ర కెప్టెన్లు యాభై ఏళ్ళ దగ్గరపడిన నియంతృత్వాన్ని ఒక్క రోజులో కూల్చారు. తుపాకీ గొట్టాల్లో జనం ఎర్ర పూలు పెట్టారు. ఏడాదిలో ఎన్నికలన్నారు. సరిగ్గా ఏడాదికి, 1975 ఏప్రిల్ 25న, పెట్టారు. నూటికి తొంభై మందికి పైగా ఓటేశారు. అక్కడా ఒక విప్లవ మండలి ఉంది, ఎన్నికలైనా పోలేదు, చట్టాలు వడపోస్తూ కూర్చుంది. 1982లో పార్లమెంటు రాజ్యాంగం సవరించి దాన్ని రద్దు చేసింది. మండలి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళింది అంటే, నా లెక్క ఇది. ఆ కెప్టెన్లు ఆఫ్రికాలో పదమూడేళ్ళ యుద్ధంతో విసిగి ఇంటికి రావాలనుకున్నవాళ్ళు. వాళ్ళలో వాళ్ళకి పడేది కాదు. వాళ్ళకి మాకరోనీ ఫ్యాక్టరీ లేదు. పైగా జనం ఓటు ముందే పడిపోయింది. ఈజిప్టులో ఆరు నెలలని చెప్పింది కౌన్సిల్, పొడిగించింది కౌన్సిల్, గడియారం కూడా కౌన్సిల్ గోడ మీదే ఉంది.

అడగండి. ఏంటి? మన దేశంలో ఎందుకు రాలేదు అనా? పెద్ద ప్రశ్న, దానికి ఇంకో సాయంత్రం కావాలి. ఒక్కటి చెబుతాను. ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ అసలు బ్రిటిష్ సైన్యాధిపతి ఇల్లు. స్వాతంత్ర్యం వచ్చాక అందులో ఎవరు దిగారు? ప్రధానమంత్రి నెహ్రూ. సైన్యాధిపతి ఇంకో ఇల్లు చూసుకున్నాడు. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అన్న పదవే తీసేసి మూడు దళాలకీ ముగ్గురు అధిపతుల్ని ఉంచారు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి. హ్యాండిలు ఎవరి చూరు కింద ఉండాలో మొదటి రోజే తేల్చుకున్నారు.

ఇంకెవరైనా? ఆయ్, బజ్జీలు వచ్చాయని నాకూ వాసన వస్తోంది. ఆపేస్తాను.

నోటు ఏదండీ? ఎవరి దగ్గరుంది? చివరి వరస దాకా వెళ్ళిందా లేదా? మీరిచ్చారా ఆయనకి? ఆయన ఇటిచ్చానంటున్నారు. తలుపు దగ్గరున్న బాబు... కాదా? సరే, కూర్చోండి, ఎవరూ లేవకండి. ఒకసారి కుర్చీల కింద చూడండి.